బ్యాటరీ లైటు: దగ్గరి వెలుగు, దూరపు వెలుగు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు ఫోన్ చేసి "నువ్వూ ఒక పావుగంట మాట్లాడాలి" అన్నప్పుడు, నావల్ల కాదన్నాను. మన బడిలో చదివినవాళ్ళలో డాక్టర్లున్నారు, సింగరేణిలో ఇంజనీర్లున్నారు, అమెరికా నుంచి వచ్చినవాళ్ళున్నారు. నేను భద్రాచలంలో రేడియోలు, లైట్లు బాగుచేసే కొట్టు నడుపుకునేవాణ్ణి. నేనేం చెప్పాలి? "నీకు తెలిసిందే చెప్పు" అన్నారాయన. నాకు తెలిసింది బ్యాటరీ లైటు. టార్చ్‌లైట్ అని పుస్తకంలో ఉంటుంది కానీ మన ఊళ్ళలో ఎవరూ అలా అనరు కదా. దాని గురించే చెబుతాను. మధ్యలో ఒక తప్పు కూడా ఒప్పుకోవాల్సి ఉంది. ఒకటి కాదు, రెండు.

నేను పదో తరగతిలో ఉన్న ఏడాది 1986. ఆ సంఖ్య చెప్పగానే ఇక్కడ సగం మందికి గోదావరి గుర్తొచ్చి ఉంటుంది. ఆగస్టు 16న భద్రాచలం దగ్గర నీటిమట్టం 75.6 అడుగులు. ఇప్పుడు 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది ఇస్తున్నారు. మూడో హెచ్చరిక మీద ఇంకా ఇరవై రెండు అడుగుల నీళ్ళు ఊహించుకోండి. ఇప్పటిదాకా ఆ లెక్కను దాటింది లేదు.

మెరక మీదుంది కాబట్టి మన బడే అప్పుడు అందరికీ దిక్కయింది. కరెంటు లేదు. రాత్రి నాటు పడవల్లో మనుషుల్ని తెస్తున్నారు. మా సైన్స్ సారు మెట్ల దగ్గర మూడు సెల్లుల స్టీలు లైటు పట్టుకుని నిలబడ్డారు. పక్కన నేను, మా క్లాసు పిల్లలు ఇంకో ఇద్దరం. పడవ ఇంకా దూరంగా ఉండగానే సరంగు అరుస్తాడు, "దూరం వెయ్యండి సారూ, దుంగలు కొట్టుకొస్తున్నయి" అని. పడవ మెట్లకు ఆనగానే చంకలో పిల్లల్ని పెట్టుకున్న ఆడవాళ్ళు, "కాలెక్కడ పెట్టాలె అయ్యా, ఏం కనపడ్తలేదు" అంటారు. సారు పడవ వచ్చిన ప్రతిసారీ లైటు తల అర చుట్టు అటు తిప్పేవారు, ఇటు తిప్పేవారు. అటు తిప్పితే వెలుగు కర్రలా పోయి నీళ్ళ మీద పడేది. ఇటు తిప్పితే చాపలా మెట్ల మీద పరుచుకునేది.

ఇంగ్లీషులో ఈ పరుచుకునే వెలుగును ఫ్లడ్ అంటారని తర్వాత ఎప్పుడో తెలిసింది. నవ్వొచ్చింది. మనకు ఫ్లడ్ అంటే గోదావరే. అందుకని మా కొట్లో ఇప్పటికీ ఆ మాట వాడం. గురి వెలుగు, పరుపు వెలుగు అంటాం. ఇక్కడా అవే వాడతాను.

నీళ్ళు తీసి బడి మళ్ళీ తెరిచాక, ఆ తల తిప్పుడు సంగతేమిటని సారును అడిగాను. లైటు విప్పి చూపించారు. లోపల గిన్నెలాంటి అద్దం ఉంటుంది. ఆ గిన్నె వంపు పరావలయం. దానికి నాభి అని ఒక చోటుంది. బల్బులో వెలిగే తీగ సరిగ్గా అక్కడ ఉంటే, గిన్నెకు తగిలిన వెలుగంతా సమాంతరంగా ముందుకు పోతుంది. తల తిప్పితే గిన్నె జరుగుతుంది, తీగ నాభి నుంచి తప్పుతుంది, వెలుగు విచ్చుకుంటుంది. కానీ మరీ తిప్పితే మధ్యలో నల్లటి బొక్క పడుతుంది. అలహాబాద్ జీప్ లైటయినా, ఎవరెడీ అయినా, పాత లైట్లు వాడినవాళ్ళందరికీ ఆ బొక్క తెలుసు. గిన్నె అడుగున బల్బు కోసం రంధ్రం ఉంటుంది కదా, అక్కడి నుంచి వెలుగు తిరిగి రాదు. తీగ నాభిలో ఉన్నప్పుడు చుట్టుపక్కల వెలుగు దాన్ని కప్పేస్తుంది. నాభి తప్పితే బయటపడుతుంది.

ఆ ఏడాదే మాకు కటకాల పాఠం. కుంభాకార కటకం చేత్తో పట్టుకుని, కిటికీ బయటి చింతచెట్టు బొమ్మను గోడ మీద తలకిందులుగా పడేలా చేసి, కటకానికీ గోడకూ మధ్య దూరం స్కేలుతో కొలవడం. అదే నాభ్యంతరం. మనందరం చేసిందే. నాకు మాత్రం ఆ చెట్టు బొమ్మ మనసులో పడిపోయింది. ఇంత వెలుగును ఒకచోటికి లాగే బిళ్ళను లైటుకు పెడితే ఇంకెంత దూరం పోతుందో కదా అనుకున్నాను. అనుకుని ఊరుకోలేదు. ప్రయోగశాలలో నుంచి ఒక కటకం జేబులో వేసుకుని ఇంటికి పోయాను. అదీ నా మొదటి తప్పు. సారూ, మీరు వింటున్నారు. క్షమించాలి.

ఇంటికి పోయి మా నాన్న లైటు ముందు ఆ కటకం పెట్టి చూస్తే ఏమైంది? దూరం పెరగలేదు, పోయింది. గిన్నె అప్పటికే వెలుగును సమాంతరం చేసి పంపుతోంది. దానికి కటకం అడ్డం పెడితే పది సెంటీమీటర్ల దూరంలో ఒక చుక్కగా కలిసి, అక్కడి నుంచి విచ్చుకుపోతోంది. ఇప్పటికీ నా కొట్టుకు ఈ ఆలోచనతో కుర్రాళ్ళు వస్తూనే ఉంటారు, "అన్నా, దీని ముందు ఇంకో లెన్స్ పెట్టు, దూరం కొడతది" అని. గిన్నె ఉన్న లైటుకు ముందు ఇంకో కటకం పెడితే ఒకదాని పని ఇంకొకటి చెడగొడుతుంది. గిన్నెయినా ఉండాలి, కటకమైనా ఉండాలి.

అప్పుడు గిన్నె తీసేసి, ఒట్టి బల్బును కటకానికి పది సెంటీమీటర్ల దూరంలో పెట్టాను. గోడ మీద బల్బు తీగ బొమ్మ పడింది. చుట్టలు చుట్టిన స్ప్రింగు, ఒక్కో చుట్టా లెక్కపెట్టుకోవచ్చు. ఆ రాత్రి నాకు అర్థమైంది ఒక్కటే. కటకంతో చేసిన గురి వెలుగంటే వెలిగే వస్తువు బొమ్మే. దూరాన పడేది వెలుగు కాదు, దాని ఫొటో.

నలభై ఏళ్ళుగా నా సంపాదన ఆ ఒక్క మాట మీదే నడిచింది. ఇప్పుడొస్తున్న ముందుకూ వెనక్కూ జరిపే ఎల్ఈడీ లైట్లు అచ్చంగా అవే. లోపల గిన్నె ఉండదు. చిన్న పసుపు బిళ్ళ, ముందు లావుపాటి కటకం. నీలి రంగు ఎల్ఈడీ మీద పసుపు పూత పూసి తెల్ల వెలుగు రాబడతారు. ఆ నీలి ఎల్ఈడీ చేసిన జపానులో పుట్టిన ముగ్గురు శాస్త్రవేత్తలకు 2014లో నోబెల్ వచ్చింది. ఆ పసుపు బిళ్ళ చతురస్రంగా ఉంటుంది కాబట్టి గురి పెట్టినప్పుడు గోడ మీదా చతురస్రమే పడుతుంది. లైటు చెడిపోయిందని తెచ్చేవాళ్ళున్నారు. చెడిపోలేదు, ఫోకస్ బాగా కుదిరిందని అర్థం. అంచున రంగులు కనపడి కళ్ళకు ఇబ్బందయితే వెంట్రుకవాసి వెనక్కి జరపండి, చతురస్రం కరిగి గుండ్రమవుతుంది.

ఇక రెండో తప్పు.

దుమ్ముగూడెం వైపు మా మేనమామ చేను ఉంది. అడవి అంచు. మొక్కజొన్న పాలకు వచ్చిందంటే అడవి పందులు దిగుతాయి. రాత్రంతా మంచె మీద కావలి. అప్పటికి ఎల్ఈడీ లైట్లు కొత్త. "అల్లుడూ, చేను ఆ చివరన పంది కదిలితే ఇక్కణ్ణుంచి కనపడాలె, అట్లాంటిది చెయ్యి" అన్నాడు మామ. నాకు హుషారు. నా పనితనం చూపించడానికి ఇంతకంటే ఏం కావాలి? పెద్ద కటకం తెచ్చి, చిన్న ఎల్ఈడీ వేసి, జరగకుండా గురి దగ్గరే బిగించి ఇచ్చాను. నిజంగానే చేను దాటి అవతల చెట్ల కొమ్మల దాకా పోయింది వెలుగు. ఊళ్ళో అందరికీ చూపించుకున్నాడు.

ఇరవై రోజులు తిరక్కుండా ఒక రాత్రి పందుల చప్పుడు విని మంచె దిగాడు. లైటు ముందుకు చాపి నడుస్తున్నాడు. వెలుగంతా అక్కడెక్కడో ఉంది. కాళ్ళ దగ్గర చిమ్మచీకటి. పైగా దూరాన అంత తెల్లని వెలుగు చూసిన కళ్ళకు దగ్గరి చీకటి ఇంకా చిక్కగా ఉంటుంది. గట్టు మీద పడుకున్న రక్తపింజర మీద కాలు వేశాడు.

బతికాడు. బండి మీద మధ్యలో కూర్చోబెట్టుకుని భద్రాచలం తెచ్చారు, విరుగుడు మందు పడింది. కానీ కాటుకు పైన తాడు బిగించి కట్టారు. కాలు బాగా చెడింది, చిటికెన వేలు తీసేయాల్సి వచ్చింది. ఇప్పటికీ కుంటుతాడు. సందర్భం వచ్చింది కాబట్టి చెబుతున్నాను, పాము కరిస్తే తాడు కట్టొద్దు, కోయొద్దు, నోటితో పీల్చొద్దు. కాలు కదలనీకుండా వెంటనే ఆస్పత్రికి తేవాలి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగింటికీ కలిపి ఒకటే విరుగుడు మందు. కరిచినదాన్ని వెతికి చంపి తేవాల్సిన పని లేదు.

నేను ఆస్పత్రిలో మంచం పక్కన కూర్చుని ఏడుస్తుంటే మామే నన్ను ఓదార్చాడు. "లైటు తప్పేం లేదురా అల్లుడూ. పందిని మంచిగనే చూసిన. పామునే చూడలే." దీపం కింద చీకటి అని చిన్నప్పటి నుంచీ వింటున్న సామెతే. ఆ చీకటిని నా చేతులతో నేనే బిగించి ఇచ్చాను. 1986 రాత్రి మా సారు పడవ వచ్చిన ప్రతిసారీ లైటు తల ఎందుకు తిప్పారో కళ్ళారా చూసినవాణ్ణి, నాకే గుర్తుండలేదు.

అప్పటి నుంచి మా కొట్లో ఒక కట్టుబాటు. ముందు కాళ్ళు, తర్వాత దూరం. ఆ కట్టుబాటుతో కటకం ఎలా ఎంచుకోవాలో, ఎలా మార్చుకోవాలో నాకు తెలిసినంత చెబుతాను. లెక్కలు కొంచెం వస్తాయి, లెక్కల సారు కూడా ఇక్కడే ఉన్నారు, తప్పయితే దిద్దుతారు.

మొదటిది, వెలుగు ఎంత వెడల్పు పడుతుందన్నది. ఎల్ఈడీ బిళ్ళ వెడల్పును కటకం నాభ్యంతరంతో భాగించండి. బిళ్ళ ఒక మిల్లీమీటరు, నాభ్యంతరం 20 మిల్లీమీటర్లు అనుకుందాం. ఇరవైలో ఒక వంతు. అంటే 20 మీటర్ల దూరాన ఒక మీటరు వెడల్పు, 100 మీటర్ల దూరాన 5 మీటర్ల వెడల్పు. బిళ్ళ రెండు మిల్లీమీటర్లదయితే అదంతా రెట్టింపు. "ఎక్కువ వాట్ల ఎల్ఈడీ వేశాను, అయినా దూరం పోవట్లేదు" అనేవాళ్ళ సంగతి ఇదే. వాట్లతో పాటు బిళ్ళ కూడా పెద్దదైంది, వెలుగు పలచబడింది.

రెండోది, నడిమి వెలుగు ఎంత తీవ్రంగా ఉంటుందన్నది. ఇది నాభ్యంతరాన్ని బట్టి కాదు, కటకం ముఖం ఎంత పెద్దదన్న దాన్ని బట్టి. ముఖం వైశాల్యం రెట్టింపయితే నడుమ వెలుగు రెట్టింపు. కానీ దూరం రెట్టింపు కాదు. వెలుగు దూరం వర్గానికి విలోమంగా తగ్గుతుందని చదువుకున్నాం కదా. నాలుగు రెట్ల వెలుగుంటేనే రెట్టింపు దూరం.

మూడోది చాలామందికి తెలియదు. గురి పెట్టినప్పుడు లైటు నుంచి బయటికి వచ్చే వెలుగు పెరగదు, తగ్గుతుంది. ఎల్ఈడీ తన ముందంతా వెలుగు చిమ్ముతుంది. కటకం దూరం జరిగితే ఆ చిమ్మిన దాంట్లో కొంతే దాని ముఖానికి తగులుతుంది, మిగతాది గొట్టం గోడలకు కొట్టుకుని వేడవుతుంది. 20 మిల్లీమీటర్ల కటకాన్ని 20 మిల్లీమీటర్ల దూరంలో పెడితే దక్కేది అయిదో వంతే. దాన్నే 12 మిల్లీమీటర్ల దగ్గర పెడితే అయిదింట రెండు వంతులు. 5 మిల్లీమీటర్లకు తెస్తే అయిదింట నాలుగు వంతులు. అందుకే ముఖం పెద్దదిగా, నాభ్యంతరం చిన్నదిగా ఉన్న కటకం మేలు. అలాంటిది లావుగా, బొజ్జలా ఉంటుంది. మామూలు గోళపు వంపుతో అంత లావు చేస్తే అంచుల వెలుగు ఒకచోటికి, నడిమి వెలుగు ఇంకోచోటికి పోతుంది. అందుకని అంచుల్లో వంపు తగ్గిస్తూ చేస్తారు. ఆస్ఫెరిక్ లెన్స్ అని అడిగి తీసుకోవాలి.

కొన్నాక ఫోకస్ దూరం ఎలా తెలుస్తుంది? దుకాణాదారుడు చెప్పడు, డబ్బా మీద ఉండదు. మన చింతచెట్టు పద్ధతే. కటకం ఉబ్బిన వైపు చెట్టుకు, చదునైన వైపు కాగితానికి పెట్టి, బొమ్మ తేటగా పడ్డప్పుడు చదును ముఖం నుంచి కాగితం దాకా కొలవండి. లైటులో ఎల్ఈడీ బిళ్ళ ఉండాల్సింది సరిగ్గా అంతే దూరంలో. ఎండలో మాత్రం ఈ పని చేయొద్దు, కాగితం కాలుతుంది, కళ్ళకు ప్రమాదం. లైటులో బిగించేటప్పుడు కూడా చదును ముఖం లోపలికి, ఉబ్బు బయటికి ఉండాలి. తిరగేసి బిగించినవి నా దగ్గరికి చాలా వచ్చాయి.

కొత్త కటకం ఫోకస్ దూరం, గొట్టం జరిగే దూరం కంటే ఎక్కువైతే ఎంత లాగినా గురి కుదరదు. కరెంటు వైరింగుకు వాడే పీవీసీ పైపు ముక్క కోసి, నున్నగా రాకి, కటకం కింద ఉంగరంలా పెట్టండి. మందం మిల్లీమీటరు మిల్లీమీటరుగా పెంచుతూ చూసుకోండి. ఫోకస్ దూరం తక్కువైతే గురి మధ్యలోనే వచ్చి, ఇంకా లాగితే మళ్ళీ చెదురుతుంది. అప్పుడు గొట్టం అక్కడితో ఆగేలా లోపల ఒక రబ్బరు రింగు వేయాలి. చీకట్లో, కంగారులో, చేత్తో వెతుక్కోకుండా పూర్తిగా లాగితే గురి, పూర్తిగా తోస్తే పరుపు రావాలి.

గాజా, ప్లాస్టిక్కా? గాజు గీతలు పడదు, వేడికి తట్టుకుంటుంది, కానీ బరువు, కిందపడితే పగులుతుంది. అక్రిలిక్ తేట, వెలుగు దాదాపు గాజంతే పోనిస్తుంది, కానీ గీతలు పడుతుంది, ఎక్కువ వాట్ల వేడికి మెత్తబడుతుంది. స్పిరిట్‌తో, థిన్నర్‌తో తుడిస్తే సన్న పగుళ్ళు వస్తాయి. సబ్బునీళ్ళు, మెత్తని బట్ట చాలు. ఇంకోటి, కటకాన్ని ఫెవిక్విక్‌తో అంటించకండి. దాని ఆవిరి లోపల తెల్లటి పొరలా పట్టి, ఎంత తుడిచినా పోదు. నేను మూడు కటకాలు పాడుచేసుకుని నేర్చుకున్నాను.

ఇప్పుడు మామ లైటుకు ఏం చేశానో చెబుతాను. ఆస్పత్రి నుంచి వచ్చాక ఆయన మళ్ళీ కావలికి పోతానన్నాడు. పోకపోతే పంట దక్కదు. పక్క చేలల్లో కొందరు పందులకు కరెంటు తీగ కడతారు. ఆ తీగకు పందులే పడవని మీకందరికీ తెలుసు, మనుషులు పోయిన ఇళ్ళు ఈ సభలో వాళ్ళకు తెలిసినవే ఉంటాయి. మామ తీగ కట్టనన్నాడు. అందుకని లైటే మార్చాలి. గొట్టం జరిగేలా చేశాను. అయితే చేతికి కర్ర ఉన్న మనిషి నడుస్తూ నడుస్తూ గొట్టం జరపడు. గురి మీద పెట్టి మర్చిపోతాడు, మళ్ళీ అదే కథ. ఆలోచించగా ఒక ఉపాయం తట్టింది. ఆ కటకం ముఖం 38 మిల్లీమీటర్లు. దాని అంచు చుట్టూ అయిదు మిల్లీమీటర్ల మేర సన్న గరుకు కాగితంతో, నీళ్ళు చల్లి, మసకబారేలా రుద్దాను. నడుమ 28 మిల్లీమీటర్లు తేటగా వదిలేశాను. అది రుద్దకుండా ముందే టేపు అంటించుకోవాలి.

ఇక చూడండి. నడిమి భాగం ఎప్పటిలాగే దూరాన చతురస్రం వేస్తుంది. మసక అంచుకు తగిలిన వెలుగు చెదిరి, రెండు మూడు గజాల ముందు నేలంతా పలచగా పరుచుకుంటుంది. లైటు గురి మీదున్నా కాలు వేసే చోటు కనపడుతుంది. నష్టం ఎంత? తేటగా మిగిలిన వైశాల్యం సగానికి కాస్త ఎక్కువ. అంటే నడిమి వెలుగు దాదాపు సగమైంది. కానీ దూరం సగం కాలేదు, పావు వంతే తగ్గింది. పాత లైటు చేను దాటి అడవిలోకి పోయేది. కొత్తది చేను చివర ఆగుతుంది. మామకు కావలసింది చేను చివరి దాకానే కదా. ఆ పావు దూరం ఎవరికీ అక్కర్లేనిది. దానికోసం ఆయన వేలు పోయింది.

ఆ తర్వాత అలాంటివి ఎన్నో చేశాను. వేసవిలో ఇప్పపూలు రాలేటప్పుడు తెల్లవారుజామునే చెట్ల కిందికి పోయే కోయ ఆడవాళ్ళకు దూరం అసలే అక్కర్లేదు. వాళ్ళకు రెండు చేతులూ ఖాళీగా ఉండాలి, నేల మీద పువ్వు కనపడాలి, ఎండుటాకుల్లో పాము కనపడాలి. వాళ్ళకు తలకు కట్టుకునే లైటు, కటకం పూర్తిగా లోపలికి, కొంచెం పసుపు చాయ ఎల్ఈడీ. నీలి చాయ తెల్లవెలుగులో ఆకు, మట్టి, పాము అన్నీ ఒకే బూడిద రంగులో కలిసిపోతాయని, పసుపు చాయలో విడివిడిగా తెలుస్తాయని వాళ్ళే నాకు చెప్పారు. చూస్తే నిజమే.

కొందరు వేరే పనికి వస్తారు. "అన్నా, కుందేలు కళ్ళు మెరవాలె, అంత దూరం కొట్టాలె" అని. కిన్నెరసాని అభయారణ్యం మన పక్కనే. 1972 చట్టం వేట తప్పని చెప్పింది. చట్టం సంగతి అటుంచి, వెలుగుకు కళ్ళు చెదిరి నిలబడిపోయిన జంతువును కొట్టడం నాకు ఇష్టం లేదు. అలాంటి లైటు చేయను. బేరం పోతుంది, పోనీ.

ఇక వానలో వాడేవాళ్ళకు ఒక మాట. జరిపే లైటుకు నీళ్ళంటే పడదు. ముందుకు లాగినప్పుడు పిచికారీలా గాలిని లోపలికి పీలుస్తుంది, దాంతో పాటు తేమను కూడా. లోపల ఆవిరి పట్టి కటకం మసకబారుతుంది. పడవల్లో పనిచేసేవాళ్ళకు జరగని లైటు, గిన్నె ఉన్నదే మంచిది. పరుపు వెలుగు కావాలంటే దాని మూతికి తొడిగే టోపీ చేసుకోండి. స్టేషనరీ దుకాణంలో దొరికే మసక ప్లాస్టిక్ ఫైలు కవరు గుండ్రంగా కత్తిరించి, సీసా మూత నడుమ కోసి అందులో పెడితే చాలు. తొడిగితే పరుపు, తీస్తే గురి. టోపీకి దారం కట్టండి, లేకపోతే మొదటి రాత్రే గోదావరికి ఇచ్చేస్తారు. మంచులో, జల్లులో లైటు కళ్ళ పక్కన పట్టుకుంటే ముందు తెల్లగోడ లేచినట్టుంటుంది. నడుము దగ్గర పట్టుకోండి. ఎదుటివాళ్ళ మొహాన వేయకండి, ముఖ్యంగా సరంగు మొహాన.

2022 జులైలో గోదావరి మళ్ళీ వచ్చింది. 16న 71.3 అడుగులు. 1986 తర్వాత మనం చూసిన పెద్ద వరద అదే. ముందు రెండు రాత్రులు కొట్టు మూసి, ఇంటి మిద్దె మీద నేను, మా అబ్బాయి కూర్చుని ఫైలు కవర్లు కత్తిరించాం. పన్నెండు లైట్లకు టోపీలు చేసి పడవల మీద పోయే కుర్రాళ్ళకు ఇచ్చాం. అందులో నలుగురు మన బడి పిల్లలే. వాళ్ళకు నేను చెప్పింది ఒకటే. "నీళ్ళ మీద ఉన్నప్పుడు టోపీ తియ్యి. మనిషి ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు టోపీ పెట్టు." ముప్ఫై ఆరేళ్ళ కింద మా సారు మెట్ల మీద చేసిందే అది. నేను కొత్తగా కనిపెట్టింది ఏమీ లేదు.

ఇక ముగిస్తాను. ఒక విన్నపం, ఒక బాకీ.

విన్నపం ఏమిటంటే, మొన్న ప్రయోగశాలలోకి పోయి చూశాను. కటకాలు నాలుగే ఉన్నాయి, రెండు అంచులు విరిగాయి. నలభై మంది పిల్లలు చుట్టూ నిలబడి ఒకరు చేస్తుంటే చూస్తున్నారు. చూస్తే రాదు, చెట్టు బొమ్మ ఎవరి చేతిలో వాళ్ళకు పడాలి. పిల్లకొక కటకం వంతున నలభై కటకాలు, నలభై స్కేళ్ళు నేను కొనిస్తాను. మీ నుంచి డబ్బు అడగను. మీ ఇళ్ళల్లో మూలన పడ్డ పాత లైట్లు, చెడిపోయినవైనా సరే, నా కొట్టుకు పంపండి. దసరా సెలవులు అయ్యాక ఆదివారం పూట తొమ్మిది, పది తరగతుల పిల్లలతో కూర్చుంటాను. కటకం కొలవడం, ఉంగరం కోయడం, అంచు రుద్దడం నేర్పుతాను. ఒక్కొక్కరు ఒక్కో లైటు బాగుచేసి ఇంటికి తీసుకుపోవాలి. వాళ్ళలో చాలామంది నాన్నలు రాత్రి కావలికి పోయేవాళ్ళే, అమ్మలు ఇప్పచెట్టు కిందికి పోయేవాళ్ళే.

బాకీ ఇది. సారూ, ఈ కటకం 1986లో మీ బీరువాలోది. నాభ్యంతరం పది సెంటీమీటర్లు, ఇప్పటికీ అంతే, పొద్దున మళ్ళీ కొలిచాను. అంచున చిన్న పెచ్చు ఊడింది, అది నావల్లే. ఆలస్యానికి జరిమానా ఎంతో మీరే చెప్పాలి. ఇదిగో, తీసుకోండి.